సరస్సు మీద కూర్చున్న మెక్సికో నగరం

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం సంచికలో విదేశీ యాత్రల గురించి వచ్చే వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. మెక్సికో ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందులో కాన్‌కూన్ సముద్రతీరం తప్ప వేరే ఊరు కనిపించదు. వార్తల పేజీల్లోనైతే మాదకద్రవ్యాల ముఠాలు తప్ప వేరే మనుషులు కనిపించరు. అమెరికాలో ఉంటున్న మా అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే మన వాళ్లకు మెక్సికో వీసా విడిగా అక్కరలేదని తెలిసి, వీపున ఒక సంచి తగిలించుకుని మెక్సికో నగరంలో పది రోజులు ఒంటరిగా తిరిగి వచ్చాను. అక్కడ చూసిన దానిలో హైదరాబాదు వాళ్లం పట్టించుకోవలసిన సంగతి ఒకటి ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి రోజు మెట్రో మెట్లెక్కి వీధిలోకి వచ్చేసరికే ఆయాసం వచ్చింది. ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు మన ఊటీ ఎత్తున ఉంది. శివార్లతో కలిపి రెండు కోట్లకు పైగా జనం అంత ఎత్తున కాపురముంటున్నారు. ఆయాసం రెండు రోజుల్లో తగ్గింది కానీ కళ్లకు అలవాటు పడడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. పాత నగరంలో ఏ వీధి మొగలో నిలబడి చూసినా కట్టడాలు నిటారుగా లేవు. ఒకటి కుడికి ఒరిగితే పక్కది వెనక్కి వాలి ఉంది, కాలిబాట మధ్యలో దిగి మళ్లీ లేచింది. సోకలో అనే పెద్ద కూడలి పక్కనున్న ప్రధాన చర్చిలో, గోడ నిటారుగా లేచిందో లేదో చూడడానికి మన తాపీ మేస్త్రీలు దారానికి వేలాడదీసే గుండు లాంటిదాన్నే గుమ్మటం నుంచి కిందికి వేలాడదీశారు. ఇన్నేళ్లలో చర్చి ఎటు ఒరుగుతూ వచ్చిందో అది చూపిస్తుంది. నేను దాని పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

కారణం కాళ్ల కింద ఉంది. 1325 ప్రాంతంలో, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్కులు అనే జనం టెష్కోకో సరస్సు నడుమ ఒక దీవి మీద టెనోచ్టిట్లాన్ అనే రాజధానిని కట్టుకుని, నీటితో సర్దుకుని బతికారు. 1521లో దాన్ని పట్టుకున్న స్పెయిన్ వాళ్లు దాని శిథిలాల మీదే తమ నగరాన్ని లేపారు కానీ, నీటితో వాళ్లకు పొసగలేదు. 1629లో ముంచెత్తిన వరద దాదాపు ఐదేళ్లు తీయలేదు. కొండలకు గండి కొట్టి సరస్సు నీటిని బయటికి తోడే పని అంతకు ముందే మొదలై శతాబ్దాల పాటు సాగింది. చివరికి మిగిలింది మెత్తని బంకమట్టి. దాని అడుగున ఉన్న నీటిని కూడా బోర్లతో లాగేస్తుండడం వల్ల ఆ మట్టి గట్టిపడి అణిగిపోతోంది. కొన్ని చోట్ల ఏడాదికి అర మీటరు దాకా నేల దిగబడుతోంది. 1910లో ప్రారంభించిన స్వాతంత్ర్య స్తంభానికి మొదట తొమ్మిది మెట్లుండేవట. స్తంభం పునాది లోతుగా ఉండడంతో అది నిలిచి, చుట్టూ ఉన్న రోడ్డు మాత్రం దిగిపోతూ రాగా, ఇంకో 14 మెట్లు కట్టవలసి వచ్చింది.

ఇంత నీటి చరిత్ర ఉన్న ఊళ్లో నేను దిగిన హాస్టల్లో రెండు రోజులు పొద్దున్నే నీళ్లు రాలేదు. మేడల మీద మన సింటెక్స్ ట్యాంకుల్లాంటి నల్లటి ట్యాంకులు, సందుల్లో నీళ్ల ట్యాంకర్లు, ఇరవై లీటర్ల డబ్బాలను మూడు చక్రాల బండి మీద తోసుకుంటూ ‘ఆగ్వా’ (నీళ్లు) అని సాగదీసి కేక వేసే మనిషి, ఇవన్నీ చూస్తుంటే పరాయి ఊరనిపించలేదు. నగరం తాగే నీళ్లలో పెద్ద వాటా కుట్సమాలా పథకం ద్వారా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తుకు పంపులతో తోడితే వస్తోంది.

భద్రత సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: మెట్రోలో ఆడవాళ్లకు విడిగా పెట్టెలున్నాయి, ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ గుర్తు ఉండడంతో స్పానిష్ రాని నేను దారి తప్పలేదు, భయపడే అవసరం ఎక్కడా రాలేదు. అలాగని అన్ని పేటలూ అంతేనని మాత్రం అనను.

చివరి రోజు దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువల్లో పడవ ఎక్కాను. పాత సరస్సుల్లో మిగిలిన కాస్త తడిలో అదొకటి. నీళ్ల మధ్య మట్టి పోసి పెంచిన మడుల్లో ఇప్పటికీ కూరలు, పూలు పండిస్తున్నారు. పడవ వాడికి ఇవ్వడానికి తీసిన 50 పెసోల నోటు మీద ఆక్సలోటల్ బొమ్మ ఉంది. బయటికి పొడుచుకొచ్చిన మొప్పలతో, నవ్వుతున్నట్టుండే ముఖంతో ఉండే ఆ చిన్న నీటి ప్రాణి ఈ కాలువలదే. నోటు మీద కళకళలాడుతున్నా, కాలువల్లో మాత్రం అది దాదాపు కనుమరుగైంది.

తిరిగి వచ్చిన వారానికి మాసాబ్ ట్యాంక్ మీదుగా ఆటోలో వెళ్తుంటే అక్కడి ట్యాంకు ఏదని డ్రైవరన్నను అడిగాను. పార్కు వైపు చెయ్యి చూపించాడు. పేరులో చెరువో కుంటో ఉండి, ఊళ్లో మాత్రం అది లేని మన పేటలెన్నో, వాటి నీళ్లు ఎటు పోయాయో మీ జిల్లా సంచికలో వారానికొకటి చొప్పున ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాదు