కిటికీ పైనున్న ఖాళీ లోపం కాదు

సంపాదక మహాశయులకు,

నమస్కారాలు. కెనడా, అమెరికాలలో తమ చేతులతో దుంగల ఇళ్లు కట్టుకుంటున్న వారి గురించి గత ఆదివారం అనుబంధంలో మీరు ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మంచి జీతాలున్న ఉద్యోగాలు వదిలి గొడ్డలి పట్టిన వారిని తెలుగు పాఠకులకు పరిచయం చేసినందుకు సంతోషించాను గానీ, ఒక ఫొటో కింద రాసిన మాట చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. కొత్తగా కట్టిన ఇంట్లో కిటికీ చట్రానికీ, దాని పైనున్న దుంగకూ నడుమ నాలుగు వేళ్ల ఖాళీ కనిపిస్తోంది. చేతిపనిలో ఇటువంటి లోపాలు సహజమేనని మీ రచయిత పెద్దమనసుతో సరిపెట్టారు. నిజానికి ఆ ఇల్లు మొత్తంలో అన్నిటికంటే జాగ్రత్తగా లెక్కకట్టి చేసిన పని ఆ ఖాళీయే.

నేను ఐటీఐలో పిల్లలకు వడ్రంగం నేర్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్లో ఉంటున్నందున రెండు వేసవులు అక్కడ గడిపాను. ఊరి పొలిమేరలో దుంగల ఇళ్లు కట్టే యార్డు ఒకటి ఉంది. మొదటి వేసవి కంచె అవతల నిలబడి చూడటంతో సరిపోయింది. రెండో ఏడు ఆ యార్డు పెద్దాయన నా చేతికి రెండు పిడుల కత్తి ఇచ్చి బెరడు ఒలవమన్నాడు. చెట్టులో రసం ఎక్కే వసంతంలో బెరడు అరటిపండు తొక్కలా ఊడి వస్తుంది, కాలం దాటితే అదే బెరడు చేతులకు బొబ్బలెక్కిస్తుంది. ఈ సంగతి నాకు రెండో రకంగానే తెలిసింది.

అక్కడ నన్ను తికమక పెట్టినది పచ్చి కర్ర. ఆరని కర్రకు చిత్రిక పట్టవద్దని ముప్పై ఏళ్ల పాటు పిల్లలకు చెప్పిన నేను, కొద్ది నెలల క్రితం వరకూ చెట్టుగా నిలబడి ఉన్న దుంగను నేరుగా గోడలోకి ఎక్కించడం చూసి, వీళ్లకు పని తెలియదేమో అనుకున్నాను. ఆ మాట అల్లుడి ద్వారా కాస్త మర్యాదగా అడిగిస్తే, పెద్దాయన ఒక పలక ముక్క మీద లెక్క వేసి చూపించాడు. పచ్చి దుంగల గోడ అడుగుకు సుమారు ముప్పావు అంగుళం చొప్పున దిగుతుంది కనుక, 8 అడుగుల గోడ కొన్నేళ్లలో 6 అంగుళాల వరకూ కుంగుతుందని వారు ముందే లెక్కలోకి తీసుకుంటారు. కర్రలో తేమ దాదాపు 30 శాతం కంటే తగ్గడం మొదలైన దగ్గర నుంచి అది అడ్డంగా, అంటే లావులో, కుదించుకుపోతుంది, నిలువు పొడవులో మాత్రం తగ్గుదల లెక్కలోకి రానంత స్వల్పం. మన ఇళ్లలో స్తంభాలు నిలువుగా నిలబడి దూలాలను మోస్తాయి కాబట్టి ఈ తేడా మనకు పెద్దగా బాధ పెట్టదు. అడ్డంగా పడుకోబెట్టిన దుంగలతోనే గోడ లేపేవారికి మాత్రం ఇల్లు కట్టడంలోని సగం విద్య ఈ కుంగుబాటును సంబాళించడమే.

కనుక కిటికీ, గుమ్మం చట్రాలను పై దుంగకు ఆనించరు. ఆనిస్తే దిగుతున్న గోడ బరువంతా చట్రం మీద పడి, అద్దం పగులుతుంది, తలుపు బిగుసుకుపోతుంది, లేదా చట్రం దగ్గర గోడ ఆగిపోయి దుంగల మధ్య సందులు పడతాయి. ఇంటి నడుమ నిలువు స్తంభాలు కుంగవు గనుక వాటి కింద మరజాకీలు పెట్టి, గోడలు దిగిన కొద్దీ వాటినీ తిప్పి దించుతారు. మెట్ల వరుసనూ, నీటి గొట్టాలనూ కూడా జరిగే వీలుండేలా అమరుస్తారు. ఇల్లు అప్పగించిన తరువాత కూడా కట్టినవాడు ఏడాదికోసారి పానా పట్టుకొని వచ్చి జాకీలు తిప్పి వెళ్లడం మరే గృహనిర్మాణంలోనూ నేను చూడలేదు.

మీ వ్యాసం అంతా గొడ్డలి చుట్టూ తిరిగింది గానీ, ఈ పనిలో గొడ్డలి కంటే గీతకు విలువ ఎక్కువ. రెండు దుంగలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒక కొస లావు, మరో కొస సన్నం కాబట్టి వరుస వరుసకూ మొదలు, కొస తారుమారు చేస్తారు. పై దుంగను కింది దుంగ మీద తాత్కాలికంగా కూర్చోబెట్టి, రసమట్టాలు అమర్చిన కంపాసుతో రెండింటి మధ్య దూరాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు పక్కలా గీస్తారు. కింది దుంగ మీద ఉన్న ప్రతి బుడిపె, ప్రతి వంపు పై దుంగ పొట్ట మీదకు గీతగా ఎక్కుతుంది. కంపాసు వెంట్రుకవాసి పక్కకు వాలినా గీత అబద్ధం చెబుతుంది, అందుకే ఆ రసమట్టాలు. తరువాత దుంగను తిరగేసి, గీత వెంబడి గాడి తీసి, అంచులు మాత్రమే కింది దుంగను తాకేలా లోపల తొలిచి, అందులో ఉన్ని గానీ నాచు గానీ కూరి మళ్లీ దించుతారు. మూలల్లో దుంగ మీద దుంగ కూర్చోవడానికి పెట్టే జీను ఆకారపు గంటును కూడా పై దుంగ అడుగునే కొడతారు, పైకి తెరిచిన గంటయితే వాన నీరు నిలిచి కుళ్లుతుంది కదా. దుంగ ఎలాగూ పగులుతుంది కాబట్టి, ఆ పగులు బయటి ముఖాన రాకుండా నెత్తి మీద పొడవునా ఒక రంపపు కోత ముందే పెట్టి, దాన్ని పై దుంగ గాడి కింద దాచేస్తారు. ఇద్దరు మనుషులు ఒక్క దుంగను సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒక పూట పట్టడం నేను చూశాను.

మిల్లులో అన్ని దుంగలనూ ఒకే మందానికి తిప్పి, ఒకదానిలో ఒకటి దూరి కూర్చునేలా గాడీ నాలుకా కోసి లారీలో పంపే ఇళ్లను కూడా మీ రచయిత ఇదే కోవలో కలిపేశారు. అవి చెడ్డ ఇళ్లని నేను అనను గానీ, వాటిలో గీత గీసే పనే లేదు. ఇక చైన్‌సా అనే మోటారు రంపం వాడితే అది చేతిపని ఎలా అవుతుందని వ్యాసంలో ఒక చోట సందేహించారు. నా దృష్టిలో గాడిని గీత దగ్గరి దాకా ఏ పనిముట్టు తెచ్చినా ఒకటే, ఆ దుంగను ఈ దుంగకు మాత్రమే సరిపోయేలా చేసినది చేయి అయితే అది చేతిపనే. ఈ విషయంలో పట్టుదల ఉన్నవారు నాతో ఒప్పుకోరని తెలుసు.

అటువంటి పట్టుదలకు రిచర్డ్ ప్రోనెకీని మించిన ఉదాహరణ లేదు, మీ వ్యాసంలో ఆయన పేరు లేకపోవడం వెలితిగా అనిపించింది. డీజిల్ మెకానిక్‌గా పనిచేసిన ఆయన 1968లో, 52 ఏళ్ల వయసులో, అలాస్కాలోని ట్విన్ లేక్స్ ఒడ్డున ఒంటరిగా ఇల్లు కట్టుకున్నాడు. అంతకు ముందు వేసవిలోనే స్ప్రూస్ చెట్లు కొట్టి, బెరడు తీసి ఆరబెట్టి ఉంచుకున్నాడు, అంటే మన వడ్రంగుల పద్ధతి అన్నమాట. మోటారు రంపం లేదు. కొన్ని పనిముట్లకు పిడులు కూడా అక్కడే చెక్కుకున్నాడు. లోపల 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న ఆ చిన్న ఇంట్లో ఆయన దాదాపు ముప్పై ఏళ్లు గడిపాడు. అది నేటికీ లేక్ క్లార్క్ జాతీయ ఉద్యానవనంలో నిలిచి ఉంది.

దుంగల ఇల్లు ఒక తరానికి మించి నిలవదన్న వాక్యమూ సరికాదు. రష్యాలోని కిజీ దీవిలో 1714 నాటి 22 గుమ్మటాల చర్చిని ఇటీవల బాగుచేసినప్పుడు, కట్టడాన్ని జాకీలతో ఎత్తి నిలబెట్టి, కింది వరుసల నుంచి విప్పుకుంటూ, చెడిన దుంగలను మాత్రమే సరిచేసి మళ్లీ పేర్చారు. ఇంటికి మంచి టోపీ, మంచి చెప్పులు ఉంటే చాలునని యార్డులో వాళ్లు అనేవారు. చూరు బాగా ముందుకు రావాలి, పునాది నేల నుంచి ఎత్తుగా ఉండాలి, వారి భయమంతా నీటి గురించే.

చివర్లో మీ రచయిత అరకులోనో, లంబసింగిలోనో నీలగిరి దుంగలతో ఇటువంటి ఇల్లు కట్టుకోవచ్చని సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ తొందరపడవద్దు. అక్కడ ఈ విద్య పుట్టింది నిటారుగా పెరిగే, తేలికైన పైన్, స్ప్రూస్, దేవదారు జాతుల మీద. మన నీలగిరి కర్ర ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చివరల నుంచి చీలుతుంది, దాని మీద గీసిన గీత రెండు నెలలు నిలవదు. చెదల సంగతి చెప్పనే అక్కరలేదు. చేవదేరిన టేకును గోడలుగా పేర్చే స్తోమత ఉన్నవారికి నా సలహా అవసరం ఉండదు.

ఫొటో కింది మాటను మాత్రం వచ్చే ఆదివారం సరిచేయవలసిందిగా కోరుతున్నాను. ఆ ఖాళీలో మెత్తగా ఉన్ని కూరి, దాన్ని కప్పుతూ ఒక పలక బిగిస్తారు. పలకకు మేకులు పై దుంగలోకే కొడతారు తప్ప చట్రానికి కొట్టరు, గోడ దిగినప్పుడు పలక కూడా చట్రం ముందుగా కిందికి జారడానికి. మీ ఫొటో తీసిన నాటికి ఆ ఇంటివారు ఇంకా పలక బిగించుకోలేదు, అంతే.

భవదీయుడు,
ఒక విశ్రాంత వడ్రంగ శిక్షకుడు,
సామర్లకోట.