ముక్కు బాధ తండా మాటలో అడగండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా పక్కింటి అక్కకు తోడుగా ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమెది దేవరకొండ వైపు తండా, ఇక్కడ మిర్యాలగూడ రైస్ మిల్లులో ఊడ్చే పని. సైనస్‌తో రెండేళ్లుగా బాధ పడుతోంది. లోపలికి పిలిచే ముందు ఒక ఇంగ్లిష్ కాగితం ఇచ్చారు. స్నాట్-22 అంటారు: 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 110. ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, నిద్ర, చిరాకు, సిగ్గు, పని తగ్గడం అన్నీ ఉంటాయి. ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. మందు పనిచేసిందా, ఆపరేషన్ దాకా పోవాలా అన్నప్పుడు ఈ లెక్క కూడా చూస్తారు, సుమారు 9 తగ్గితే మనిషికి తేడా తెలిసినట్టు.

కాగితం మంచిదే. సీటీ స్కాన్‌కూ మనిషి పడే బాధకూ చాలాసార్లు పొంతన ఉండదు కాబట్టి నోటితో అడగాల్సిందే. కానీ ఎట్లా అడిగారు? నర్సమ్మ గబగబా తెలుగు చేసి "పని తగ్గిందా?" అంది. "లేదు" అంది అక్క. సున్నా. బయటికొచ్చాక నేను అడిగితే "పోకుంటే కూలెవరిస్తరు తమ్మీ, నెత్తి పలుగుతుంటే బస్తాల మీద ఒరిగి మళ్ల లేస్త" అంది. సిగ్గు ప్రశ్నకు తల దించుకుని నవ్వింది, అదీ సున్నానే. ముక్కు కారుతుందని పెళ్లిళ్లలో బంతికి కూర్చోదు ఆమె! ఇక 1కీ 2కీ తేడా అయితే నర్సమ్మకే తెలుగులో దొరకలేదు, రెండూ "కొంచెం" అయిపోయాయి. మధ్యలో రెండు ప్రశ్నలకు నేనే జవాబు చెప్పేశాను, అది నా తప్పు.

ఈ ప్రశ్నలు అమెరికాలో పుట్టాయి, ఇప్పటి 22 ప్రశ్నల రూపాన్ని సరిచూసిన ఫలితాలు ఇంగ్లండ్ నుంచి 2009లో వచ్చాయి. చాలా దేశాలవాళ్లు తమ భాషలోకి మార్చుకుని, తిరిగి ఇంగ్లిష్‌లోకి తెచ్చి పోల్చుకుని, రోగులకేం అర్థమైందో అడిగి, కొన్నాళ్లకు మళ్లీ అవే ప్రశ్నలు వేసి చూసుకున్నారు. అట్లా చూసుకోకుండా వాడితే లంబాడీలకో చెంచులకో బాధ తక్కువని రికార్డులో పడుతుంది, మందూ ఆ లెక్కనే వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఉంది, అక్కడ కాగితం చేతికిచ్చి నింపమంటే ఎవరు నింపుతారు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఈ పని మీద వేసుకోవాలి. లంబాడీలు మాట్లాడే గోర్ బోలీకి సొంత లిపి లేదు, కాబట్టి ప్రశ్నలు రికార్డు చేసి వినిపించండి. అంకెలకు బదులు వేళ్లు చూపించమనండి, పిడికిలి మూస్తే ఏం లేదు, ఐదూ తెరిస్తే తట్టుకోలేనంత. ఏ భాషలో అడిగారో, జవాబు చెప్పింది రోగో తోడొచ్చినవాళ్లో ఆ కాగితం మీదే రాయండి.

ఇంటికొచ్చాక అక్క కూతురు అవే ప్రశ్నలు వాళ్ల మాటలో అడిగింది. పనికి నాలుగు వేళ్లు లేచాయి. వచ్చే నెల మళ్లీ చూపించాలి, ఈసారి ఆ పిల్లనే తోలుకుపోతాం.

ఒక పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా