అక్కా, ఇది నువ్వొక్కదానివే చదువుకో

లీడ్స్
నవంబరు 9

అక్కకు నమస్కారాలు.

ఈ ఉత్తరం మా వీధిలో ఉండే వైజాగ్ సీతమ్మధార అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతిలోనే పెట్టమని మరీ మరీ చెప్పాను. ఫోన్‌లో మాట్లాడదామంటే మీ ఇంట్లో ఫోనెప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు మనవరాలు చదివేస్తుంది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆఫీసు పని మామూలే. నాలుగున్నరకల్లా చీకటి పడిపోతోంది. పెద్దవాడి చదువు సంగతి మళ్ళీ రాస్తాను.

పోయిన ఆదివారం బావ కూరలకి వెళ్ళినప్పుడు నవ్వుతూ ఒక మాటన్నావు. "ఆగిపోయి మూడేళ్ళయింది, మొన్న మళ్ళీ కాస్త కనిపించిందే" అని. గేటు చప్పుడు కాగానే రైతుబజారులో టమాటా ధర ఎత్తుకున్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏడాది పాటు నెలసరి రాకపోతే ఇక ఆగిపోయినట్టు లెక్క. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, నొప్పి లేకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి. నిన్ను భయపెట్టాలని రాయడం లేదక్కా. అలా కనిపించినవాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందికి అది కేన్సర్ కాదు. లోపలి పొర పలచబడటమో, పాలిప్ అని చిన్న కండ పెరగడమో అయివుంటుంది. ఆ పదో మనిషివి నువ్వు కాదని తేలాలి, అంతే. నీకు షుగరుంది, ఒళ్ళు కూడా వచ్చింది. ఈ విషయంలో ఆ రెండూ మంచివి కావు. కిందినుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందం చూస్తారు. 4 మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఒకవేళ ఏదైనా ఉన్నా, మొదట్లోనే తెలిస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మార్గశిర గురువారాలు అయ్యాక చూద్దాం అంటావని నాకు తెలుసు. బురుజుపేట గుడి దగ్గర లైన్లో ఉండగా మళ్ళీ కనిపిస్తే ఎలా అని లోపల్లోపల నలిగిపోతావనీ తెలుసు. కనకమహాలక్ష్మి అమ్మవారు ఆడమనిషి బాధ ఎరగదా? ముందు స్కాన్ చేయించుకో. గురువారాలకి ఇంకా టైముంది.

ఇంకొకటి. రిపోర్టు రాకముందే ఎవరైనా గర్భసంచి తీసేద్దాం అంటే వెంటనే తలూపకు. ఎందుకు అని అడుగు. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని కూడా అడుగు. అమ్మని ఎవరూ అడగనివ్వలేదు. తెల్లబట్ట ఎక్కువైందని వెళితే, పిల్లలు పుట్టేశారుగా ఇంకెందుకన్నారట. 39 ఏళ్ళకే గర్భసంచీ, అండాశయాలూ రెండూ తీసేశారు. అమ్మ ఒక్కతే కాదు, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశం మొత్తం మీద ఎక్కువగా ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే.

అమ్మ అర్ధరాత్రి లేచి వరండాలో తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చునేది, గుర్తుందా? వైజాగ్ ఉక్కపోత అనుకున్నాం. అన్నం దగ్గర ఊరికే విసుక్కుంటే కోపిష్టిదైపోయింది అనుకున్నాం. నువ్వు కొన్నాళ్ళు మాట్లాడటమే మానేశావు. నేనూ తక్కువ తినలేదు. ఇప్పుడు నాకు 51. రాత్రి రెండింటికి గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా ముఖానికి సెగ పాకుతుంది. బయట రెండు డిగ్రీలుంటే కిటికీ తీసి నిలబడతాను. కాసేపటికి చెమటంతా చల్లబడి వణుకొస్తుంది. అప్పుడు ప్రతిసారీ ఆ వరండా, ఆ తువ్వాలే గుర్తొస్తాయి. లేచి వెళ్ళి కాసిని మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు కదక్కా మనం.

45 లోపే అండాశయాలు తీసేస్తే ఎముకలకీ గుండెకీ ముప్పు పెరుగుతుందట. సాధారణంగా, ఇబ్బందేమీ లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇస్తారని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. అమ్మకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. 67 ఏళ్ళప్పుడు బాత్రూమ్‌లో జారి తుంటి విరిగితే మనం తడి గచ్చుని తిట్టుకున్నాం. ఆ ఎముక 28 ఏళ్ళుగా గుల్లబారుతూ వచ్చింది.

నేను వాడే హార్మోన్ మందులు మానెయ్యమన్నావు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నేను చూసుకోకుండా మొదలుపెట్టలేదు. ఆ భయమంతా 2002లో అమెరికాలో ఈ మందుల మీద చేస్తున్న ఒక పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేసినప్పటి నుంచి వచ్చింది. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. 60 లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవాళ్ళలో చాలామందికి ముప్పు కంటే మేలే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము కేన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, అది దాచను. అందుకే మన ఇంట్లో ఎవరికైనా ఉందా అని ముందే అడిగారు, పరీక్షలు మానను. నేను చేతికి రాసుకునే జెల్ వాడుతున్నాను, గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ మాత్ర కూడా వేసుకుంటున్నాను. మళ్ళీ నిద్ర పడుతోంది. నువ్వు మాత్రం నన్ను చూసి ఏదీ కొనుక్కోకు. అలా కనిపించినప్పుడు కారణం తేలకుండా హార్మోన్లు వాడకూడదు.

పనిలో పనిగా ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, కొలెస్ట్రాల్ కూడా అడుగు. నెలసరి ఆగాక మొదటి ఐదారేళ్ళలోనే ఎముక ఎక్కువగా అరిగిపోతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అమ్మ చేసే చోడంబలి, అదే రాగి అంబలి, మళ్ళీ మొదలుపెట్టు. నెత్తళ్ళు ముళ్ళతోనే తిను, మునగాకు పప్పులో వెయ్యి. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడవడం ఎందుకు మానేశావు? మోకాళ్ళని సాకు చెప్పకు.

చీర అందిందా? అంచు రంగు నచ్చకపోయినా చెప్పు, ఏమీ అనుకోను.

బావకి చెప్పడం సిగ్గయితే కోడలికి చెప్పు. ఆ పిల్ల మంచిది, తీసుకెళుతుంది. బావకి కూడా తెలిస్తే ఏమవుతుందక్కా, అమ్మ తుంటి విరిగినప్పుడు రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్నది ఆయనే కదా.

వచ్చే ఆదివారం ఎప్పటిలాగే ఫోన్ చేస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్ళివస్తే "మునగాకు తెచ్చాను" అను. ఇంకా వెళ్ళకపోతే "దొరకలేదు" అను. స్పీకర్‌లో ఉన్నా నాకు అర్థమవుతుంది. రెండోమాట వింటే టికెట్ బుక్ చేస్తాను, సెలవులున్నాయి.

నీ చెల్లి