మా డబ్ల్యూపీ ఇంజను కొన్నవాళ్లకి: టెండర్ మీద రాత తప్పు

అందరికీ నమస్కారం. పోయిన దసరాకి మా దగ్గర డబ్ల్యూపీ (ఒకప్పుడు మన ఎక్స్‌ప్రెస్ బళ్లు లాగిన రకం) స్టీమ్ ఇంజను మోడల్ నలభై మంది కొన్నారు. అందులో పద్నాలుగు తప్పుగా వెళ్లాయి. మోటారు బాగుంది, చక్రాలు బాగా తిరుగుతున్నాయి, తప్పంతా రాతలోనే ఉంది.

ఆ పద్నాలుగు పెట్టెల్లో "విజయవాడ షెడ్డు, 1962" అని కార్డు పెట్టాం. టెండర్ మీద, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి మీద, మాత్రం దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు వేశాం, ఇంగ్లీషులో ఎస్‌సీ, హిందీలో దమ. పార్సిల్ అందిన వారానికి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రైల్వేలో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారట. "ఇంజను ముచ్చటగా ఉంది బాబూ, కానీ ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ పని. 1962లో ఎస్‌సీ ఎక్కడిది?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

దక్షిణ మధ్య రైల్వే మొదలైంది 1966 అక్టోబరు 2న. అంతకుముందు విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వే కింద ఉండేది. సికింద్రాబాదేమో సెంట్రల్ రైల్వే కింద, ఎందుకంటే నిజాం స్టేట్ రైల్వేని 1951 నవంబరులో అందులో కలిపేశారు. అంటే 1962లో కాజీపేట లైన్లో వచ్చిన ఇంజనూ మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇంజనూ మన బెజవాడ స్టేషన్లో పక్కపక్కన నిలబడితే, రెండింటి మీదా రెండు వేరే రైల్వేల పేర్లుండాలి. ఈ తేదీ తెలియక చేసిన తప్పు కాదు నాది, సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి, తెలియదంటే ఎవరూ నమ్మరు కూడా. 1970 నాటి ఇంజను కోసం డీకాల్ షీట్లు (మోడల్ మీద అంటించే అక్షరాలు) ముందే ప్రింట్ చేయించి పెట్టుకున్నాను, ఇంకో రకానికి మళ్లీ కనీస ఆర్డరు ఇవ్వాలంటే డబ్బు దండగ అనిపించింది, ఎవరు చూస్తార్లే అనుకున్నాను. చూశారు.

ఒక్కటి మాత్రం సరిగ్గా పడింది. షెడ్డు కోడ్ బీజెడ్‌ఏ అని వేశాం. ఊరి పేరు విజయవాడ అయినా స్టేషన్ కోడ్ ఈరోజుకీ బెజవాడదే కాబట్టి అందులో నా గొప్పేం లేదు.

ఆ పద్నాలుగు మందికీ దక్షిణ రైల్వే అక్షరాలతో కొత్త డీకాల్ ఉచితంగా వేసిస్తాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. లేదు, ఎస్‌సీ అక్షరాలే బాగున్నాయి అంటారా, కార్డు మార్చి 1970 అని పంపిస్తాం, అప్పుడు ఇంజను తప్పు కాదు. 1969లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు దాన్ని లాగినవి డబ్ల్యూపీలే, ఆ రోజుల బండి అనుకుని షెల్ఫులో పెట్టుకోవచ్చు.

ఇక రంగు గొడవ. "నలుపు నల్లగా లేదండీ, బూడిద రంగులా ఉంది" అని కనీసం పది మంది రాశారు. అది తప్పు కాదు, కావాలనే చేశాం. మా మోడల్ అసలు దాంట్లో 87వ వంతు. మీరు దాన్ని రెండడుగుల దూరంలో పెట్టుకుని చూస్తున్నారంటే అసలు ఇంజన్ని 170 అడుగుల దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క. అంత దూరంలో, అదీ మన ఎండలో, ఏ నలుపూ డబ్బాలోంచి తీసిన నలుపులా కనబడదు. డబ్బా నలుపు తిన్నగా కొట్టి చూశాను, తిరునాళ్లలో కొన్న బొమ్మలా వచ్చింది. అందుకే నలుపులో కాస్త బూడిద రంగూ చిటికెడు గోధుమ రంగూ కలుపుతాం. ఇంజను ముందు భాగంలో ఉండే పొగపెట్టె మీద ఇంకొంచెం మసక. బాయిలర్ నీళ్లు కారి ఆరిన చోట సున్నం తేలిన తెల్ల చారలు ఉంటాయి కదా, వాటిని సన్న కుంచెతో గీసి, పలచన చేసే నూనెలో తడిపిన ఇంకో కుంచెతో పైనుంచి కిందికి ఒక్కసారే లాగుతాం, రెండోసారి లాగితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కో ఇంజను మీద ఈ చారలకే గంటన్నర పడుతుంది. టెండర్‌లో బొగ్గు మాత్రం నిజమైన బొగ్గే, కొత్తగూడెంలో మా బావమరిది పంపించినది. సుత్తితో కొట్టి టీ వడకట్టులో జల్లిస్తాను, ఇంట్లో ఆ వడకట్టు గురించి ఇంకా మాటలు పడుతున్నాను.

ఇంత చేసినా "అచ్చం అసలు రంగే" అని నేను పెట్టె మీద రాయను. పాత ఫొటో చూపించి ఇదే రంగు కావాలంటారు, ఫొటో ఎప్పుడో రంగు మారిపోయి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంకో చిక్కు, పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపుని పట్టుకోదు, ఇంజను ముందు అడ్డంగా ఉండే ఎర్రటి బఫర్ బీమ్ కూడా నల్లగా వస్తుంది. రాసిన పేరునైనా నమ్మొచ్చా అంటే, ఇంగ్లండులో స్ట్రౌడ్లీ అనే ఇంజనీరు తన ఇంజన్లకి వేయించిన రంగు పేరు "మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ", చూస్తే ముదురు పసుపు!

మరి ఇప్పుడున్న ఇంజను చూసి వేయొచ్చు కదా అంటారు. హర్యానాలోని రేవాడి షెడ్డులో అక్బర్ అని పిలిచే డబ్ల్యూపీ ఇంజను, నంబరు 7161, ఉంది, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంటుంది, కానీ ఉత్సవాల కోసం ముస్తాబైన ఇంజను రోజూ ఎక్స్‌ప్రెస్ లాగిన ఇంజనులా ఎలా ఉంటుంది? ఒకాయన ఆ నంబరే 1960 నాటి రాతలతో కావాలని అడిగారు. అది చిత్తరంజన్‌లో తయారైందే 1965లో, అసలు అక్కడ డబ్ల్యూపీలు కట్టడం మొదలైందే 1963లో. అడ్వాన్సు వెనక్కిచ్చేశాను. ఆయనకి కోపం వచ్చింది. ఈసారికి కోపమే మేలనిపించింది.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు గానీ నేనే చెప్తాను. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 87వ వంతు అంటే 19 పైచిలుకు రావాలి. మా ఇంజను నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద, ఎందుకంటే బజారులో దొరికే ట్రాకు అదే. ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఇది మార్చను, మారిస్తే మీలో ఎవరి ట్రాకు మీదా నడవదు.

కొత్త ఆర్డర్లకి ఇకనుంచి షెడ్డు, సంవత్సరం రెండూ చెప్పాలి, ఫొటో ఉంటే పంపాలి. ముక్కు మీద నక్షత్రం ఒక్కో షెడ్డువాళ్లు ఒక్కోలా దిద్దుకునేవాళ్లు, ఫొటో లేకపోతే మేం వేసేది మా ఊహే, కార్డు మీద కూడా "ఊహ" అనే రాస్తాం. డీకాల్స్ ఇప్పుడు మూడు రకాలు ప్రింట్ చేయిస్తున్నాం కాబట్టి ధర వెయ్యి రూపాయలు పెరుగుతుంది. పాత ధరకి అడ్వాన్సు కట్టినవాళ్లకి పాత ధరే.

వెనక్కి పంపే పద్నాలుగు మందీ టెండర్ని ఇంజనుకి కలిపే రెండు సన్న తీగల ప్లగ్గు ముందు ఊడదీయండి, తీగ పట్టుకుని లాగొద్దు, ప్లగ్గు పట్టుకుని లాగండి. బొగ్గు అంటించే ఉంది, రాలదు.