మా అక్క కూడా కాల్ చేస్తుంది, ఎత్తండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంటర్నెట్ కాల్స్ గురించి ఎవరు మాట్లాడినా ముందు డబ్బులు మిగులుతాయనే చెప్తారు. నిజమే, దూరంగా ఉన్నవాళ్ళతో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన రోజులు నాకూ గుర్తున్నాయి, ఇప్పుడు గంటసేపు మాట్లాడినా ఉన్న డేటాలోనే అయిపోతోంది. కానీ మా ఇంట్లో దీనివల్ల జరిగిన మేలు వేరే, అది ఆఫీసుల వాళ్ళకి ఇంకా పట్టట్లేదు, అందుకే ఈ లెటర్ రాస్తున్నా.

మా అక్కకి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు ఇంట్లో ఫోన్ వస్తే మేమంతా మాట్లాడుతుంటే మా మొహాలు చూస్తూ నిలబడేది, పెట్టేశాక ఎవరు, ఏమన్నారు అని సైగ చేసేది, మేమేమో అరగంట మాటల్ని రెండు సైగల్లో తేల్చేసేవాళ్ళం. ఇప్పుడు తనే వీడియో కాల్ చేసుకుంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా, ఫోన్‌ని గోడకి ఆనించి పెడుతుంది, చేతులు నీడలో పడకుండా వెలుతురుకి ఎదురుగా కూర్చుంటుంది. నెట్ స్లో అయితే వేళ్ళు అలుక్కుపోయినట్టు కనపడతాయి, అప్పుడు ఆగి మళ్ళీ మొదట్నుంచి చెప్తుంది. తను తన ఫ్రెండ్‌తో అలా గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటుంటే చూడటం నాకు ఎంత బాగుంటుందో.

1876లో టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకున్న గ్రాహంబెల్ వినపడనివాళ్ళకి పాఠాలు చెప్పిన మనిషి, వాళ్ళమ్మకీ భార్యకీ కూడా వినపడదు. అయినా ఆ ఫోన్ తీగలో వెళ్ళేది గొంతు ఒక్కటే, అదీ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే, అంతకు మించిన సన్నటి శబ్దాలు పోతాయి, స అన్నారో ఫ అన్నారో తెలియక పేరు మూడుసార్లు చెప్పించుకునేది అందుకే. ఇంటర్నెట్ కాల్‌లో గొంతుని మామూలుగా 20 మిల్లీ సెకన్ల ముక్కలు చేసి సెకనుకి 50 ప్యాకెట్లుగా పంపిస్తారు. ఆ ప్యాకెట్‌లో ఉన్నది గొంతా, బొమ్మా, టైప్ చేసిన అక్షరమా అనేదానితో నెట్‌వర్క్‌కి పనిలేదు, అన్నీ మోసుకెళ్తుంది. మా అక్క చేతులు అవతలివాళ్ళకి చేరుతున్నది అలాగే.

ఇక అసలు విషయం. ఆమధ్య అక్క అకౌంట్ ఒకటి లాక్ అయింది, వెరిఫికేషన్ కోసం కాల్ చేశారు. ఆవిడే మాట్లాడాలి అన్నారు. వినపడదండీ, వీడియో కాల్ చేయండి, తను సైగ చేస్తుంది నేను చెప్తాను అన్నాను. మా దగ్గర వాయిస్ కాల్ ఒక్కటే ఉంది అన్నారు. మూడుసార్లు ఇదే మాట. ఆ మూడుసార్లూ అక్క కార్డు చేతిలో పట్టుకుని నా పక్కనే కూర్చుంది. సెక్యూరిటీ అంటారు, మరి వీడియోలో మనిషీ కనపడుతుంది, కార్డూ కనపడుతుంది, ముక్కూమొహం తెలియని గొంతుకంటే అదే నయం కదా!

వినికిడి లోపంతో సాయం అవసరమైనవాళ్ళు ప్రపంచంలో 43 కోట్లమందికి పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒకే కాల్‌లో వీడియో, టెక్స్ట్, మాట మూడూ కలిసి నడవాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2000లోనే స్టాండర్డ్ ఇచ్చింది, టోటల్ కాన్వర్జేషన్ అంటారు దాన్ని. మధ్యలో సైగల భాష తెలిసిన మనిషి కూర్చుని రెండువైపులా చెప్పే వీడియో రిలే సర్వీసులు కూడా కొన్ని దేశాల్లో నడుస్తున్నాయి. అంటే కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, కరెంట్ పోయి రూటర్ ఆగిపోతే ఈ కాల్స్ పోతాయి, పాత ల్యాండ్‌లైన్‌కి ఎక్స్‌ఛేంజ్ నుంచే కరెంట్ వచ్చేది. అందుకని ఉన్న నంబర్లు తీసేయమని నేను అనట్లేదు. ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు, ముఖ్యంగా ఎమర్జెన్సీ సర్వీసులు ఆ నంబర్ పక్కనే ఒక వీడియో కాల్ లింక్, టైప్ చేసుకునే దారి పెట్టాలి, అవతల సైగల భాష వచ్చినవాళ్ళు ఉండాలి, ప్రతి ఆఫీసుకీ ఒకరు అక్కర్లేదు, పది ఆఫీసులకి కలిపి ఒక టీమ్ ఉన్నా సరిపోతుంది. అది పెట్టిన రోజున కాల్ మా అక్క తనే చేసుకుంటుంది, నేను పక్కన కూర్చోవాల్సిన పని కూడా ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు