పచ్చి షువాన్ కాగితం విషయంలో మా దుకాణం చేసిన పొరపాటు

మా దుకాణంలో కుంచెలు, సిరా కడ్డీలు, చైనా సిరా చిత్రాలకు వాడే షువాన్ కాగితం కొంటున్న మీ అందరికీ నమస్కారం. మార్చి మొదలు మే నెలాఖరు వరకు ‘పచ్చి షువాన్’ (ఏ పూతా పట్టించని కాగితం) అని చెప్పి మేము అమ్మిన పెద్ద తావులు (69 సెంటీమీటర్ల వెడల్పు, 138 సెంటీమీటర్ల పొడవు ఉన్నవి) పచ్చివి కావని, పటిక, జిగురు పట్టించినవని రూఢి అయింది. వాటిని వాడినా, వాడకపోయినా మీరు చెల్లించిన మొత్తాన్ని పూర్తిగా తిరిగి ఇస్తున్నాము.

చైనా పండితుల సంప్రదాయంలోని షియెయి చిత్రకళను ఈ మధ్యనే మొదలుపెట్టిన వారికి ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. షియెయి అన్న మాటకు భావాన్ని రాయడమని అర్థం. అక్కడి మరో పద్ధతి అయిన గోంగ్‌బీలో సన్నని గీతలు గీసి, పొర మీద పొరగా రంగు నింపుతారు కనుక సిరా పాకని కాగితం కావాలి. అందుకే దానికి పటిక, జిగురు కలిపిన నీళ్లు పట్టించి ఆరబెడతారు. మన శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెట్టడం కూడా రంగు చెదరకుండా ఉండేందుకే. షియెయికి కావలసింది ఇందుకు పూర్తిగా విరుద్ధం: కుంచె తాకీ తాకగానే కాగితం తడిని పీల్చుకోవాలి, గీసిన చెయ్యి ఆగిన చోటు, తడబడిన చోటు, వేగం పుంజుకున్న చోటు కాగితంలో ఉన్నవి ఉన్నట్లు నిలిచిపోవాలి.

చైనా చిత్రకారుడు చీ బాయ్‌షీ (1864–1957) వేసిన రొయ్యలను చూడండి. ఆయన రొయ్యలను గిన్నెలో పెంచి, ఏళ్ల తరబడి గమనిస్తూ వేసిన బొమ్మలవి. పలుచటి సిరాతో ఒక్కొక్క కణుపునూ ఒక్క వేటుతో పెడితే, పచ్చి కాగితం మీద పక్కపక్కనే పడిన రెండు తడుల మధ్య సన్నని తెల్లటి అంచు మిగులుతుంది. తల తడి ఆరకముందే అందులో చిక్కటి సిరా చుక్క పెడితే అది లోపలికి మెల్లగా అల్లుకుని, పెంకు గుండా లోపలి భాగం కనిపిస్తున్నదా అనిపిస్తుంది. మేము అమ్మిన కాగితం మీద ఇదేదీ జరగదు. సిరా పైనే నిలిచి, మడుగుకట్టి, గట్టి అంచుతో ఆరిపోతుంది.

ఏప్రిల్‌లో ఒక ఉపాధ్యాయురాలు తాను వేసిన రొయ్యల ఫొటోలు పంపి, కణుపులు అట్టముక్కల్లా వస్తున్నాయని అడిగారు. సిరాను సాన మీద గంధం తీసినట్లు ఇంకా నెమ్మదిగా నూరమని, కుంచెలో నీళ్లు తగ్గించమని సలహా ఇచ్చాను. మరో ముగ్గురికీ ఇదే చెప్పాను. కట్టలో నుంచి ఒక తావు తీసి నీటి చుక్క వేసి చూసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. నేను ఆ పని చేయలేదు. తప్పు కాగితంలో ఉండగా, ఎంతో సాధన చేస్తున్న వారి చేతిని తప్పుపట్టాను. డబ్బు నష్టం కన్నా ఇదే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. ఆ నలుగురితోనూ స్వయంగా మాట్లాడి క్షమాపణ చెప్పుకున్నాను.

సరుకు పంపిన టోకు వ్యాపారి చీటీలు తారుమారయ్యాయని అంటున్నారు. కారణం ఏదైనా, పరీక్షించకుండా అమ్మిన బాధ్యత నాదే. ఇకపై మరో చోటు నుంచి, షువాన్‌కు పుట్టినిల్లయిన అన్హుయ్ రాష్ట్రంలోని జింగ్ కౌంటీలో తయారైన కాగితమే తెప్పిస్తున్నాను. చింగ్‌తాన్ చెట్టు బెరడు, ఇసుక నేలల్లో పండిన వరి గడ్డి కలిపి చేసే ఆ విద్యను యునెస్కో 2009లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. దీని ధర ఎక్కువే ఉంటుంది. అందువల్ల రోజువారీ సాధనకు వెదురు గుజ్జుతో చేసిన చవక కాగితం కూడా ఉంచుతాము. అయితే దాని మీద షువాన్ అనే పేరు వేయము.

మీ దగ్గర మిగిలిన తావులను పారవేయకండి. గోంగ్‌బీ పద్ధతిలో పూలు, పక్షులు వేసేవారికి అవి చక్కగా పనికివస్తాయి. మీ కాగితం ఏదో తెలియకపోతే మూలన ఒక నీటి చుక్క వేయండి: వెంటనే ఇంకి, చుట్టూ పాకితే పచ్చిది, ముత్యంలా నిలిస్తే పటిక పట్టించినది. కొత్త సరుకు వచ్చాక ప్రతి కట్ట నుంచి ఒక తావు తీసి, సిరా చుక్కతో పరీక్షించి, ఆ ముక్కను తేదీ వేసి మీ పొట్లంలోనే పెట్టి పంపుతాను.