బీరువానా, వార్డ్‌రోబా?

సంపాదకులకు నమస్కారం.

బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు చూడబోతే బ్రోకరు ‘రెండు వార్డ్‌రోబులు ఉన్నాయి సార్’ అన్నాడు. తీరా చూస్తే గోడలో తలుపులు బిగించిన అలమరలు. ‘మరి మన బీరువా ఎక్కడ పెట్టేదిరా?’ అంది మా అమ్మ.

పాత ఫ్రెంచి నుంచి వచ్చిన వార్డ్‌రోబ్ అనే మాటకు బట్టలు కాపాడేది అని అర్థం. మధ్యయుగపు ఇంగ్లండులో రాజుగారి వార్డ్‌రోబ్ బట్టల గదిగా మొదలై, యుద్ధాల ఖర్చులు చూసే శాఖ దాకా ఎదిగింది! ఇప్పుడు మనిషికున్న మొత్తం బట్టలనూ, నాటకాల దుస్తుల విభాగాన్నీ అదే అంటున్నారు. మా అమ్మాయి ‘నా వార్డ్‌రోబ్ మార్చాలి నాన్నా’ అంటే నేను వడ్రంగికి ఫోన్ చేశాను. తను అడిగింది కొత్త డ్రస్సులు.

అలమరా కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన అరువు మాటే, కాబట్టి అరువు మాటల మీద నాకు కోపం లేదు. మీ అద్దె ప్రకటనల్లో మాత్రం గోడ అలమరా, విడి బీరువానా తేల్చి వేయించండి.

– ఒక పాఠకుడు, తిరుపతి